పెన్‌డ్రైవ్ ఆయుష్షు ఎంత?

మీ దగ్గరున్న పెన్‌డ్రైవ్‌లన్నీ ఒకసారి లెక్కపెట్టండి. ఫ్రెషర్స్ డే వీడియోలున్నది ఒకటి. రికార్డ్ ప్రింట్ కోసం జిరాక్స్ షాపులో ఇచ్చి, వైరస్‌తో సహా వెనక్కి తెచ్చుకున్నది ఒకటి. ఇంట్లో చూస్తే, అక్క పెళ్ళి వీడియో ఉన్నది, ఫోటోగ్రాఫర్ స్టూడియో పేరు చెక్కి ఉన్న చెక్క పెన్‌డ్రైవ్ ఇంకొకటి. ఈ మూడోదాని గురించే నా బాధ. ఒకప్పుడు పెళ్ళయితే క్యాసెట్ ఇచ్చేవాళ్ళు, తర్వాత డీవీడీ, ఇప్పుడు వెల్వెట్ డబ్బాలో పెన్‌డ్రైవ్. ఆ డబ్బాని బీరువాలో పట్టుచీరల కింద పెట్టి తాళం వేస్తారు. నగలతో పాటు అదీ భద్రంగా ఉందనుకుంటారు. నగలకి తాళం చాలు. పెన్‌డ్రైవ్‌కి ఎందుకు చాలదో, రాబోయే రోజుల్లోనైనా చాలుతుందో లేదో చూద్దాం.

ముందు సైజు ఎంత పెరిగిందో చూడండి. 1956లో ఐబీఎం తెచ్చిన రామాక్‌లో ఉన్నది ప్రపంచంలో మొదటి హార్డ్‌డిస్క్. రెండడుగుల వెడల్పున్న పళ్ళాలు యాభై ఒకదాని మీద ఒకటి పేర్చి, టన్ను బరువుతో, బీరువా కన్నా పెద్దగా ఉండేది. అందులో పట్టేది దాదాపు 5 మెగాబైట్లు, అంటే ఇవాళ మన ఫోన్ తీసే ఒక్క ఫోటో. 2000 సంవత్సరంలో అమ్మకానికొచ్చిన మొదటి యూఎస్‌బీ డ్రైవ్‌లో 8 మెగాబైట్లు పట్టేవి. ఇప్పుడు చిటికెన వేలి గోరంత మైక్రోఎస్‌డీ కార్డులో 2 టెరాబైట్లు దొరుకుతున్నాయి. పాతికేళ్ళలో రెండున్నర లక్షల రెట్లు! ఎస్‌డీ కార్డుల ప్రమాణాలు 2018లోనే 128 టెరాబైట్ల దాకా దారి వేసి పెట్టుకున్నాయి. కాబట్టి "ఇంకా పెద్దవి వస్తాయా" అనే ప్రశ్నలో పెద్ద సస్పెన్స్ లేదు, వస్తాయి. ఎన్నేళ్ళు ఉంటాయనేదే అసలు ప్రశ్న. దానికి లోపల ఏముందో తెలియాలి.

పెన్‌డ్రైవ్, మెమరీ కార్డ్, ఎస్ఎస్‌డీ, ఫోన్ లోపలి స్టోరేజ్, ఈ నాలుగూ వేరు వేరు చొక్కాలు తొడుక్కున్న ఒకే మనిషి. ఆ మనిషి పేరు నాండ్ ఫ్లాష్. తోషిబాలో ఇంజినీరుగా ఉన్న ఫుజియో మసువోకా 1980లలో దీన్ని కనిపెట్టారు. మొత్తం ఒక్కసారిగా చెరిగిపోవడం చూసి కెమెరా ఫ్లాష్ గుర్తొచ్చి, ఆయన సహోద్యోగి ఒకరు ఈ పేరు సూచించారట. లోపల కోట్ల కోట్ల చిన్న అరలుంటాయి. ఒక్కో అర ఒక ట్రాన్సిస్టర్. దాని నడుమ, చుట్టూ కరెంటు పోనివ్వని గోడ ఉన్న చిన్న చోటు ఉంటుంది. ఎక్కువ వోల్టేజ్ పెట్టి ఎలక్ట్రాన్లని ఆ గోడలోంచి లోపలికి తోస్తారు. ఫస్టియర్ ఫిజిక్స్‌లో పరీక్ష కోసం బట్టీపట్టి మర్నాడే మర్చిపోయిన క్వాంటమ్ టన్నెలింగ్ ఉంది చూశారూ, అది మన జేబులో రోజూ జరుగుతున్న పని. వోల్టేజ్ తీసేస్తే ఎలక్ట్రాన్లు లోపలే చిక్కుకుపోతాయి. ఎన్ని చిక్కుకున్నాయో కొలిచి, అది సున్నానా ఒకటా అని చెప్తారు.

ఇప్పుడు దీన్ని మట్టికుండ అనుకోండి. కుండ నిండా నీళ్ళుంటే సున్నా, ఖాళీగా ఉంటే ఒకటి. మొదటి తరం ఫ్లాష్ ఇలాగే ఉండేది, దాన్ని ఎస్ఎల్‌సీ అంటారు. నాలుగు రోజుల్లో నీళ్ళు కాస్త తగ్గినా నిండు కుండ ఏదో, ఖాళీ కుండ ఏదో గుర్తుపట్టడం కష్టం కాదు. కానీ కంపెనీలకి అదే కుండలో ఎక్కువ సమాచారం పట్టించాలని ఆశ. కుండకి నాలుగు గీతలు గీసి రెండు బిట్లు, ఎనిమిది గీతలు గీసి మూడు బిట్లు, పదహారు గీతలు గీసి నాలుగు బిట్లు పట్టించారు. ఇవే ఎంఎల్‌సీ, టీఎల్‌సీ, క్యూఎల్‌సీ. ఐదు బిట్లకి ముప్పై రెండు గీతలు పెట్టడం కూడా చేసి చూపించారు. కుండ పెద్దది కాలేదు, గీతలు దగ్గరయ్యాయి, అంతే. మట్టికుండ చెమరుస్తుంది కదా. రెండు గీతల కుండలో అరచెంబు తగ్గినా నష్టం లేదు. పదహారు గీతల కుండలో దోసెడు తగ్గితే పన్నెండు కాస్తా పదకొండు అవుతుంది. అంటే డేటా మారిపోతుంది.

పైగా రాసి చెరిపిన ప్రతిసారీ గోడ కొంచెం పాడవుతుంది. కుండని పీచుతో గట్టిగా తోమినట్టు. ఎస్ఎల్‌సీ గోడ దాదాపు లక్ష సార్లు తట్టుకునేది. టీఎల్‌సీ సుమారు వెయ్యి నుంచి మూడు వేల సార్లు. క్యూఎల్‌సీ వెయ్యి దగ్గర ఆగుతుంది. పాడైన గోడ ఇంకా ఎక్కువ చెమరుస్తుంది. చోటు పెరిగింది గానీ, అరకి అర లెక్కన చూస్తే మన్నిక తగ్గుతూ వచ్చింది.

అయినా మన ఎస్ఎస్‌డీలు బాగానే పనిచేస్తున్నాయంటే రెండు కారణాలు. ఒకటి, 2013 నుంచి అరల్ని పక్కపక్కన ఇరికించడం మానేసి అపార్ట్‌మెంట్‌లా పైకి కట్టడం మొదలుపెట్టారు. అప్పుడు 24 అంతస్తులు, ఇప్పుడు 300 దాటాయి. పైకి కట్టినప్పుడు ఒక్కో ఫ్లాట్‌ని మరీ అగ్గిపెట్టెలా చెయ్యాల్సిన పని లేదు, అందుకని గోడలు కాస్త కుదుటపడ్డాయి. రెండోది గణితం. చదివేటప్పుడు ఎప్పుడూ కొన్ని బిట్లు తప్పు వస్తూనే ఉంటాయి. పక్కన దాచిన అదనపు బిట్లతో కంట్రోలర్ వాటిని మనకి తెలియకుండా సరిచేస్తుంది. దీనికి ఎక్కువగా వాడే ఎల్‌డీపీసీ కోడ్‌లని రాబర్ట్ గాలగర్ 1960ల మొదట్లో ఎంఐటీలో డాక్టరేట్ థీసిస్‌గా రాశారు. అప్పటి కంప్యూటర్లకి అంత లెక్క చేసే ఓపిక లేక మూడు దశాబ్దాలు అది అటకెక్కింది. 1990లలో మళ్ళీ బయటికి తీశారు. ప్రాజెక్ట్ రివ్యూలో "దీనివల్ల ఏం ఉపయోగం" అని అడిగే వాళ్ళకి చెప్పడానికి ఈ కథ దాచుకోండి.

ఈ సరిచేయడంలో ఒక చిక్కుంది. తప్పులు హద్దు లోపల ఉన్నంతకాలం ఫైల్ నూటికి నూరు పాళ్ళు బాగుంటుంది. హద్దు దాటిన రోజు ఆ ముక్క మొత్తం పోతుంది. క్యాసెట్ అయితే ముందు గీతలు పడేది, రంగు వెలిసేది, "పాడవుతున్నానురా" అని చెప్పేది. ఫ్లాష్ చెప్పదు.

మరి ఎన్నేళ్ళు? జెడెక్ అనే ప్రమాణాల సంస్థ ఎస్ఎస్‌డీలకి ఒక లెక్క పెట్టింది. మామూలు కంప్యూటర్లలో వాడే ఎస్ఎస్‌డీ, దానికిచ్చిన రాతల కోటా మొత్తం అయిపోయాక, కరెంటు లేకుండా 30 డిగ్రీల వేడిలో ఒక సంవత్సరం డేటా నిలబెట్టాలి. సర్వర్లలో వాడేదైతే 40 డిగ్రీల్లో మూడు నెలలు చాలు. 2015లో ఈ లెక్కని తప్పుగా చదివి "ఎస్ఎస్‌డీని పక్కన పెడితే వారంలో డేటా మాయం" అని వార్తలొచ్చాయి. అది పూర్తిగా అరిగిపోయిన డ్రైవ్‌కి పెట్టిన కనీస హద్దు. కొత్త ఫ్లాష్‌కి కంపెనీలు సాధారణంగా పదేళ్ళ మాట చెప్తాయి.

ఆ లెక్కలో వేడి సంగతి మాత్రం మన ప్రాంతంవాళ్ళు పట్టించుకోవాలి. దాచిన చోట 5 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు దాదాపు సగమవుతుంది. 30 డిగ్రీల్లో 52 వారాలు నిలిచేది 35లో 26, 40లో 13, 45లో ఆరున్నర వారాలు. రామగుండంలోనో బెజవాడలోనో మే నెలలో రేకుల కప్పు కింద అటక మీద ఎంత వేడి ఉంటుందో మీకు తెలుసు. "చల్లని, పొడి ప్రదేశంలో ఉంచండి" అని మందుల డబ్బా మీద రాస్తారు. పెన్‌డ్రైవ్ డబ్బా మీద కూడా రాయాల్సిన మాట అది.

డబ్బా మీద రాసేది గిగాబైట్లు, స్పీడు, అంతే. లోపల ఏ రకం ఫ్లాష్ ఉందో, కరెంటు లేకుండా ఎన్నేళ్ళుంటుందో రాయరు. ఎస్ఎస్‌డీలకి సరిపోవని పక్కన పెట్టిన చిప్పులు చవక పెన్‌డ్రైవ్‌లలోకి వెళ్ళడం ఈ వ్యాపారంలో మామూలే. పాల ప్యాకెట్‌కి తేదీ ఉంటుంది, బ్రెడ్‌కి ఉంటుంది. అక్క పెళ్ళి ఉన్న వస్తువుకి ఎందుకు ఉండకూడదు? నాకు ఇది న్యాయంగా అనిపించదు.

ఇంతకన్నా ఘోరం నకిలీలు. మా హాస్టల్ ఫ్రెండ్ ఒకడు ఆన్‌లైన్‌లో 2 టెరాబైట్ల పెన్‌డ్రైవ్ ఐదొందల లోపే వచ్చిందని పండగ చేసుకున్నాడు. కంప్యూటర్‌కి పెడితే నిజంగానే 2 టెరాబైట్లు చూపించింది. అసలు విషయం ఏంటంటే, సైజు ఎంత అని కంప్యూటర్ అడిగితే జవాబు చెప్పేది డ్రైవ్ లోపలి కంట్రోలరే. దానికి అబద్ధం నేర్పితే అబద్ధమే చెప్తుంది. లోపల ఉన్నది 32 గిగాబైట్లు. ఆ 32 నిండాక రాసినదంతా మొదటికొచ్చి పాతదాని మీదే పడుతుంది, లేదా గాలిలో కలుస్తుంది. ఫైళ్ళ పేర్లు మాత్రం చక్కగా కనిపిస్తాయి. సినిమా తెరిస్తే ఏమీ ఉండదు. కొత్త డ్రైవ్ కొన్న రోజే దాన్ని నిండా నింపి తిరిగి చదివి చూసే ఉచిత టూల్స్ ఉన్నాయి: విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, లినక్స్‌లో ఎఫ్3. రాత్రంతా నడవాల్సి వచ్చినా సరే, ఈ పరీక్ష పాసైతేనే డ్రైవ్‌ని నమ్మండి. మావాడు పాస్ చేయించకుండానే ట్రిప్ ఫోటోలు కాపీ చేసి ఫోన్‌లోవి డిలీట్ చేశాడు. గండికోట వెళ్ళామని ఇప్పుడు మా మాట నమ్మాల్సిందే.

ఫోటోలంటే మళ్ళీ వెళ్ళి తీసుకోవచ్చు. అన్నీ అలా కాదు. అమ్మ వాళ్ళ నాన్న, మా తాతయ్యది తెనాలి దగ్గర పల్లెటూరు. పౌరాణిక నాటకాల్లో వేషాలు కట్టేవారు. హరిశ్చంద్రుడి వేషంలో ఆయనకి చుట్టుపక్కల మంచి పేరుండేదట. 2012 ప్రాంతంలో మా మావయ్య తన బటన్ల ఫోన్‌లో ఆయన పద్యాలు పాడుతుంటే రికార్డ్ చేశాడు. పద్నాలుగు ఫైళ్ళు, అన్నీ కలిపి డెబ్బై నిమిషాలు. 2015లో తాతయ్య పోయారు. ఆ ఫోనూ పోయింది. కార్డ్ మాత్రం అమ్మమ్మ కుంకుమ డబ్బాలో మిగిలింది. కిందటి సంక్రాంతికి అమ్మ దాన్ని నా చేతిలో పెట్టి, "కంప్యూటర్లే కదా చదివేది, ఇది పోకుండా ఏదో ఒకటి చెయ్యమ్మా" అంది.

ఇలాంటి పాత కార్డ్ దొరికితే ముందు ఫైళ్ళు తెరిచి వినకూడదు. ఎంత ఆత్రంగా ఉన్నా సరే. ముందు కార్డ్ మొత్తాన్ని బిట్టుకి బిట్టు ఒక ఇమేజ్ ఫైల్‌గా తీసుకోవాలి. డీడీరెస్క్యూ అనే టూల్ దీనికి బాగా పనికొస్తుంది. తేలిగ్గా చదవగలిగినవి ముందు లాగేసి, మొండికేసిన చోట్లకి తర్వాత తిరిగి వస్తుంది. ఆ తర్వాత మన ప్రయోగాలన్నీ ఇమేజ్ మీదే, కార్డ్‌ని ముట్టుకోం. అలా తీస్తే పన్నెండు ఫైళ్ళు పూర్తిగా వచ్చాయి. ఒకటి నలభై సెకన్ల దగ్గర ఆగిపోతుంది. ఇంకోదాంట్లో పద్యం మధ్యలో ఖాళీలున్నాయి, సరిగ్గా రాగం తీసే చోట. అవి ఏఎంఆర్ ఫైళ్ళు. ఫోన్ కాల్స్ కోసం చేసిన పద్ధతి అది, మాట అర్థమయ్యేంత ఉంచి మిగతాదంతా కోసేస్తుంది. అందుకే హార్మోనియం ఎక్కడో పక్క వీధిలో మోగుతున్నట్టుంటుంది. ఇప్పటి ప్లేయర్లలో కొన్నిటికి ఈ ఫైల్ ఏంటో కూడా తెలియదు.

ఒక్క విషయం గమనించండి. ఆ డెబ్బై నిమిషాలూ కలిపితే ఏడు మెగాబైట్లు కూడా లేవు. 2000 నాటి మొదటి పెన్‌డ్రైవ్‌లో కూడా పట్టేస్తాయి. మా ఇంట్లో అన్నిటికన్నా విలువైన డేటాకి చోటు ఎప్పుడూ సమస్య కాలేదు.

మరి పోకుండా ఉండే వస్తువు కొనాలంటే ఏముంది? హార్డ్‌డిస్క్ తీసుకుంటే, అయస్కాంతం ఎలక్ట్రాన్లలా కారిపోదు, కానీ లోపల తిరిగే భాగాలున్నాయి. చెయ్యి జారితే అయిపోయింది. 30 టెరాబైట్లు దాటిన కొత్త రకాలు డేటా సెంటర్ల పెద్ద డిస్క్‌లకే వచ్చాయి. జేబులో పట్టే చిన్న డిస్క్ చాలా ఏళ్ళు 5 టెరాబైట్ల దగ్గరే ఆగిపోయి, ఈమధ్యే 6కి చేరింది. టేపు ఇంకా బతికే ఉంది, ఆశ్చర్యం లేదు. ఎల్‌టీఓ-9 క్యాట్రిడ్జ్ ఒక్కదానిలో 18 టెరాబైట్లు పడతాయి, ముప్పై ఏళ్ళు ఉంటుందంటారు. కానీ దాన్ని చదివే డ్రైవ్ ధర లక్షల్లో, పైగా అది ఎల్‌టీఓ-8 టేపు చదువుతుంది గానీ ఎల్‌టీఓ-7 చదవదు. డిస్క్‌లలో ఎం-డిస్క్ అని ఒకటుంది, మామూలు డీవీడీలో ఉండే రంగు పొర బదులు రాయిలాంటి పొరలో గుంటలు చెక్కుతుంది. వెయ్యేళ్ళుంటుందని కంపెనీ మాట. ఉండనీండి. మన క్లాసులో ఎంతమంది ల్యాప్‌టాప్‌లకి డిస్క్ పెట్టే ట్రే ఉంది? సోనీ 2025 ఫిబ్రవరిలో, రాసుకునే బ్లూరే డిస్క్‌ల తయారీ ఆపేసింది.

వస్తువు బతికినా చదివే యంత్రం చస్తే ఏమవుతుందో బ్రిటన్‌లో ఒకసారి బాగా అనుభవమైంది. 1086లో ఇంగ్లండ్ రాజు ఊళ్ళూ భూములూ లెక్కకట్టించి డూమ్స్‌డే పుస్తకం రాయించాడు. దానికి 900 ఏళ్ళయిన సందర్భంగా 1986లో బీబీసీ వాళ్ళు దేశమంతటా బడి పిల్లలతో తమ ఊరి గురించి రాయించి, ఫోటోలు చేర్చి, లేజర్ డిస్క్‌ల మీద పెట్టారు. పదిహేనేళ్ళు తిరిగేసరికి వాటిని చదివే ప్లేయర్లు, దానికి కావాల్సిన బీబీసీ కంప్యూటర్లు పనిచేసేవి దొరకడం గగనమైంది. చివరికి 2002 ప్రాంతంలో లీడ్స్, మిషిగన్ యూనివర్సిటీల పరిశోధకులు ఆ పాత యంత్రాన్ని సాఫ్ట్‌వేర్‌లో అనుకరించి బయటికి తీశారు. తొమ్మిది వందల ఏళ్ళ నాటి పుస్తకం మాత్రం ఇప్పటికీ తెరిస్తే చదవొచ్చు.

ఈ లోపం లేనిది డీఎన్ఏ ఒక్కటే అని నాకనిపిస్తుంది. ఏ, సీ, జీ, టీ అనే నాలుగు అక్షరాల్లో బిట్లు రాసి, ఆ వరసలో డీఎన్ఏ తయారు చేయిస్తారు. 2012లో హార్వర్డ్‌లో జార్జ్ చర్చ్ బృందం ఒక పుస్తకాన్నే అలా రాసింది. 2017లో వచ్చిన ఒక పద్ధతి ప్రకారం ఒక గ్రాములో 215 పెటాబైట్లు పట్టించొచ్చు. మనుషులున్నంతకాలం జబ్బులుంటాయి, జబ్బులున్నంతకాలం డీఎన్ఏ చదివే యంత్రాలుంటాయి. కాబట్టి ప్లేయర్ దొరకలేదన్న సమస్య రాదు. కానీ 2019లో మైక్రోసాఫ్ట్, వాషింగ్టన్ యూనివర్సిటీ కలిసి మనిషి చెయ్యి పడకుండా "హలో" అనే ఐదక్షరాల ఇంగ్లీష్ మాట రాసి చదివితే 21 గంటలు పట్టింది. మన సెమిస్టర్ రిజల్ట్స్ పేజీ కూడా అంతకన్నా ముందే తెరుచుకుంటుంది. గాజు సంగతీ ఇంతే. మైక్రోసాఫ్ట్ 2019లో 1978 నాటి సూపర్‌మ్యాన్ సినిమా మొత్తాన్ని అరచేతిలో పట్టే క్వార్ట్జ్ పలక లోపల లేజర్‌తో చెక్కింది. నీళ్ళలో మరిగించినా, ఓవెన్‌లో కాల్చినా చెక్కుచెదరలేదు. రాయడానికి ఫెమ్టోసెకండ్ లేజర్, చదవడానికి మైక్రోస్కోప్ కావాలి. పెద్ద పెద్ద డేటా సెంటర్లకి పనికొస్తుంది. మన కీచైన్‌కి వేలాడే రోజు మన కెరీర్‌లో వస్తుందని నేను అనుకోను.

యంత్రమే అక్కర్లేని మీడియా మనవాళ్ళు ఒకటి వాడారు. అన్నమయ్య కీర్తనల రాగిరేకులు. తిరుమల గుడిలో ఒక చిన్న అరలో కొన్ని వందల ఏళ్ళు పడి ఉండి, ఇరవయ్యో శతాబ్దంలో బయటపడ్డాయి. రెండు వేలకి పైగా రేకులు, దాదాపు పన్నెండు వేల పైచిలుకు కీర్తనలు. నేను ఒక లెక్క వేశాను. ఒక్కో కీర్తనకి ఐదొందల అక్షరాలు, యూనికోడ్‌లో ఒత్తులూ గుణింతాలతో అక్షరానికి ఆరు బైట్లు అనుకుంటే, మొత్తం 36 మెగాబైట్లు. అంత రాగి, అంతమంది చెక్కేవాళ్ళు, వెనక రాజుల, గుడి డబ్బు, 36 మెగాబైట్ల కోసం! అయినా ముప్పై రెండు వేలు రాశారని చెప్పేవాటిలో సగానికి పైగా దొరకనే లేదు. రాగి మీద రాసినా గ్యారంటీ లేదన్నమాట.

మిగతా తెలుగు సాహిత్యమంతా తాటాకుల మీదే కదా నడిచింది. పురుగు, చెమ్మ, నిప్పు, తాటాకుకి శత్రువులు ఎక్కువే. అవి మిగిలాయంటే ప్రతి తరంలో ఎవరో ఒకరు కూర్చుని కొత్త ఆకు మీదికి మళ్ళీ రాశారు కాబట్టి. సీపీ బ్రౌన్ కడపలో పండితులకి జీతాలిచ్చి చేయించింది కూడా చాలావరకు ఇదే. ఊరూరా ప్రతులు తెప్పించడం, పక్కపక్కన పెట్టి పోల్చడం, శుద్ధప్రతి రాయించడం. మా సిలబస్ భాషలో చెప్పాలంటే బ్యాకప్, చెక్‌సమ్, మైగ్రేషన్.

పెద్ద డ్రైవ్‌లతో నాకున్న అసలు భయం ఇక్కడే. 8 మెగాబైట్ల పాత పెన్‌డ్రైవ్‌ని ఆనాటి యూఎస్‌బీ మీద మొత్తం కాపీ చెయ్యడానికి పది సెకన్లు. సెకనుకి 20 మెగాబైట్లు రాసే చవక డ్రైవ్‌లోకి 2 టెరాబైట్లు ఎక్కించాలంటే లక్ష సెకన్లు, దాదాపు 28 గంటలు. సెకనుకి 90 వచ్చే మంచి కార్డయినా ఆరు గంటల పైమాట. చోటు పెరిగినంత వేగంగా స్పీడు పెరగలేదు. పది సెకన్ల పని ఎవరైనా చేస్తారు, 28 గంటల పని "వచ్చే ఆదివారం" అవుతుంది. రేపు 8 టెరాబైట్ల కార్డ్ వచ్చినప్పుడు ఎంతమంది దానికి రెండో కాపీ తీస్తారు? క్లౌడ్ ఉందిగా అంటారు. ఉంది, వాడండి కూడా. కానీ గూగుల్ 2023 చివరి నుంచి, రెండేళ్ళు ఎవరూ తెరవని అకౌంట్లని తీసేసే పద్ధతి పెట్టింది. మైస్పేస్ అయితే సర్వర్లు మార్చే పనిలో 2015కి ముందు జనం పెట్టుకున్న పాటలన్నీ పోయాయని 2019లో ఒప్పుకుంది.

కాబట్టి ప్రస్తుతానికి నేను పాటించేది 3-2-1 అనే పాత సూత్రం. పీటర్ క్రోగ్ అనే ఫోటోగ్రాఫర్ వల్ల బాగా వ్యాపించింది. మూడు కాపీలు, రెండు రకాల మీడియా, ఒకటి ఇంటి బయట. తాతయ్య ఫైళ్ళు ఇప్పుడు నా ల్యాప్‌టాప్‌లో, నాన్న హార్డ్‌డిస్క్‌లో, టెక్సాస్‌లో ఉన్న పిన్ని దగ్గర ఉన్నాయి. ఏఎంఆర్ అలాగే ఉంచి పక్కన వేవ్ ఫార్మాట్‌లో కూడా పెట్టాను. ప్రతి ఫైల్‌కి షా-256 సంఖ్య తీసి ఒక టెక్స్ట్ ఫైల్‌లో రాశాను. ఆరు నెలలకోసారి మళ్ళీ తీసి చూస్తే, ఒక్క బిట్ మారినా సంఖ్య మొత్తం మారిపోతుంది. ఏ కాపీ చెడిందో తెలుస్తుంది, మంచిదాన్నుంచి తిరిగి తెచ్చుకోవచ్చు. పెన్‌డ్రైవ్‌ని ఊరికే ఓసారి గుచ్చి తీస్తే లోపలి డేటా తాజా అవుతుందని కొందరు చెప్తారు. పెన్‌డ్రైవ్‌ల విషయంలో దాన్ని నమ్ముకోవద్దు. రెండేళ్ళకోసారి మొత్తం తీసి తిరిగి రాస్తే అప్పుడు కుండ కచ్చితంగా నిండుతుంది.

చివరిగా మన క్లబ్ విషయం. అల్మారాలో పాత సంచికల సీడీలు నాలుగున్నాయి, 2008 నుంచి 2011 దాకా. ఈ సెమిస్టర్‌లో వాటికీ ఇమేజ్‌లు తీశాను. నాలుగూ చదవగలిగాయి, ఒక్క బైట్ పోలేదు. తీరా చూస్తే లోపల ఉన్నవి పేజ్‌మేకర్ ఫైళ్ళు, అందులో తెలుగు యూనికోడ్ కాదు, ఆనాటి డీటీపీ ఫాంట్లది. ఆ ఫాంట్ లేకపోతే కవిత మొత్తం ఇంగ్లీష్ అక్షరాలు, కొటేషన్ గుర్తులు, డిగ్రీ గుర్తుల గందరగోళంగా కనిపిస్తుంది. 2009, 2010 సంచికలకి పీడీఎఫ్‌లు కూడా ఉన్నాయి కాబట్టి కనీసం బొమ్మలా చూడొచ్చు. 2008, 2011 సంచికలకి అవీ లేవు. ఫాంట్ పేర్లు చూసి అక్షరాల పట్టిక తయారు చేసి యూనికోడ్‌లోకి మార్చే చిన్న ప్రోగ్రామ్ రాస్తున్నాను. మామూలు అక్షరాలు వస్తున్నాయి, ఒత్తుల దగ్గర తన్నుతోంది, ముఖ్యంగా క్ష, త్ర్య లాంటి చోట్ల. సరిచూసుకోవడానికి అచ్చు ప్రతి కావాలి. 2008 లేదా 2011 సంచిక ఏ సీనియర్ దగ్గరైనా, ఏ మేడమ్ ఇంట్లోనైనా ఉందని తెలిస్తే క్లబ్ గ్రూప్‌లో ఒక మెసేజ్ పెట్టండి. నేనే వచ్చి ఫోటోలు తీసుకుని, పుస్తకం అక్కడే ఇచ్చేస్తాను.